అరబ్బీ చీటీ అంటించిన మాత్రల డబ్బా

గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యానని చెబితే జనం నావైపు జాలిగా చూస్తారు. పాపం, జీవితమంతా దుమ్ము దులుపుకుంటూ గడిపింది అనుకుంటారు. దుమ్ము దులిపిన మాట నిజమే. అయితే అది పుస్తకాల దుమ్ము కాదు, ఎర్రగుంట్ల రోడ్డు దుమ్ము. మా గ్రంథాలయం వ్యాను సిమెంటు ఫ్యాక్టరీలుండే చిలమకూరు దాకా పోయి వచ్చిన రోజున నా నల్లటి జుట్టు సిమెంటు రంగుకు తిరిగేది. ఇప్పుడు ఆ రంగు దానంతటదే వచ్చేసింది కాబట్టి చిలమకూరును తప్పుపట్టలేను.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. "ప్రజల్లో ఆరోగ్య అక్షరాస్యత ఎలా పెంచాలి మేడం?" అని అడిగి, నా మాటలు రికార్డు చేయడానికి ఫోన్లు తీసి బల్ల మీద వరసగా పెట్టారు. నాలుగు మంచి మాటలు చెప్పి కాఫీ ఇచ్చి పంపిద్దామనుకున్నాను. నోరు తెరిచేసరికి ఆ తెల్ల ప్లాస్టిక్ డబ్బా కథ బయటికి వచ్చింది. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మంచి మాటలు కావాలంటే వేరే ఎవరినైనా అడగండి.

మాది ప్రొద్దుటూరులో ఒక ట్రస్టు నడిపిన ఆరోగ్య గ్రంథాలయం. మేడ మీద రెండు గదులు, కింద బట్టల కొట్టు. చీరలు చూద్దామని వచ్చి, పొరపాటున ఇంకో అంతస్తు ఎక్కేసినవాళ్లే మా పాఠకుల్లో ఎక్కువమంది. ఎక్కిన పాపానికి షుగరు గురించో, పసిపిల్లల విరేచనాల గురించో రెండు ముక్కలు విని దిగిపోయేవారు. ఊరూరా తిరగడానికి ఒక వ్యాను కూడా ఉండేది.

మేం నలుగురం. పైన డైరెక్టరు గారు. కృష్ణా తీరం నుంచి వచ్చిన పెద్దమనిషి. చాలా మంచివారు. ఆయన తెలుగు ఇంకా మంచిది, చిక్కంతా దాంతోనే వచ్చేది. తర్వాత నేను. నాకు తోడుగా ఒక నర్సమ్మ. సర్కారీ ఆసుపత్రిలో కాన్పులు చేసి చేసి రిటైరై మా దగ్గర చేరింది. ప్రొద్దుటూరులో సగం మందిని ఈ లోకంలోకి లాగింది తానేనని ఆమె నమ్మకం. బజారులో ఎవరైనా గొంతు పెంచితే, "ఏమ్‌రా, పుట్టినప్పుడు నోరే లేదు నీకు. నేను రెండు తగిలిస్తే గదా ఏడ్చినావు!" అనేది. ఆ మనిషికి మళ్లీ నోరు పడిపోయేది.

ఇక డ్రైవరు. వేముల దగ్గర రైతుల ఇంటి మనిషి. చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండిపోతే కువైటుకు పోయి, ఒక పెద్ద ఇంట్లో కారు నడిపి తిరిగొచ్చాడు. అక్కడ నడిపిన బండికీ మా వ్యానుకీ ఉన్న తేడాను ఆయన ఏనాడూ మన్నించలేదు. గేరు మార్చినప్పుడల్లా ఏదో గొణిగేవాడు. మంత్రమనుకున్నాను చాలా కాలం. అరబ్బీ తిట్లని తర్వాత తెలిసింది.

మొదట్లో మా పని కరపత్రాలు పంచడం. డైరెక్టరు గారు స్వయంగా రాసేవారు. 'అధిక రక్తపోటు – నివారణోపాయములు' అని పెద్ద ఎర్రక్షరాలతో ఒకటి అచ్చేయించారు. దాన్ని పులివెందులలో పంచుతుంటే తెల్ల పంచె కట్టిన ఒక పెద్దరైతు తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"రక్తమంట, పోటంట... ఎవురికి తగిలిందమ్మా? యాడ?"

"ఎవరికీ తగల్లేదు మామా. బీపీ గురించి ఇది."

"బీపీనా! అట్ల రాయొచ్చు గదా. నేనేదో కేసు కాగితమనుకొంటి." కరపత్రాన్ని మడిచి నా చేతిలోనే పెట్టాడు. "ఇంట్లో వద్దులేమ్మా ఇది. ఎవురన్నా సూస్తే బాగుండదు."

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొనుక్కుంటే మా నివారణోపాయాల్లోనే చుట్టి ఇచ్చారు. నూనెకు ఎర్రక్షరాలు బాగా మెరిశాయి. "స్పందన ఎలా ఉందమ్మా?" అని డైరెక్టరు గారు ఫోన్ చేస్తే, "కాగితం ఒక్కటి కూడా మిగల్లేదు సార్" అన్నాను. ఆయన చాలా సంతోషించారు.

దారి మారింది జమ్మలమడుగులో. ఆ రోజు వ్యాను నిలిపి పుస్తకాలు పరుస్తుంటే ఒక ముసలాయన వచ్చాడు. పుస్తకాలవైపు చూడనే లేదు. బనియను జేబులోంచి నలిగిన అట్టపెట్టె తీసి, అందులోని మాత్రల పట్టీ చూపిస్తూ, "ఇవన్నీ నాకెందుకు గానీ, ఇదేందో సెప్పమ్మా" అన్నాడు.

నర్సమ్మ చూసింది. "ఇది థైరాయిడ్ మాత్ర. నీకు థైరాయిడ్ ఉందా?"

"నాకేముంటాది? మా ఆడదానివి. అది పోయి సంవత్సరమాయ. పారేయబుద్ధి గాక నేనే ఏసుకుంటాండా."

"ఏసుకుంటే ఏమనిపిస్తాది?"

ముసలాయన అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "ఏం లేదు. అది గుర్తొస్తాది, అంతే."

 నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, ఆ మాత్రలకు ఆయన గుండె దడదడలాడే ప్రమాదముందని నెమ్మదిగా చెప్పింది. ఆయన పట్టీని ఆమెకిచ్చేసి, ఖాళీ అట్టపెట్టె మాత్రం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఈలోగా చుట్టూ ఉన్నవాళ్లంతా కొంగులు, జేబులు, సంచులు విప్పడం మొదలుపెట్టారు. ఇది ఎందుకు, అది ఎవరిది, ఇది తింటే అది తినొచ్చా? మేం తెచ్చిన పుస్తకాలు ఎవరూ ముట్టుకోలేదు. అందరి దగ్గరా చదవాల్సింది అప్పటికే ఉంది. చదివి చెప్పే మనిషే లేడు.

అలా 'మాత్రల సంచి దినం' పుట్టింది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి, అవేమిటో, దేనికో చదివి చెబుతాం అని చాటింపు వేశాం. డైరెక్టరు గారు ఒప్పుకున్నారు గానీ ఒక గీత గీశారు. "మనది గ్రంథాలయం, వైద్యశాల కాదు. చదివి చెప్పండి. అనుమానముంటే వైద్యుని వద్దకు పంపండి. వేసుకోమని చెప్పవద్దు, మానమనీ చెప్పవద్దు." ఆ మాటలో న్యాయముంది. మాకెవరికీ డాక్టరు చదువు లేదు.

అసలు సంగతి జరిగింది ప్రొద్దుటూరులోనే, ఒక ముస్లింల వీధిలోని షాదీఖానా వరండాలో. ఆ వీధిలో మగ్గాలు, కుట్టు మిషన్లు, చిన్న చిన్న కొట్లు. సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫులో ఉంటారు. పొద్దున్నే ఆడవాళ్లు సంచులతో వచ్చేశారు. ముందు నేనంటే నేనని తోపులాట మొదలైంది.

దాన్ని అణచింది మేం కాదు. ఆ వీధిలో పిల్లలకు అరబ్బీ చదవడం నేర్పే ముసలామె ఒకావిడ ఉంది. అందరూ ఆమెను ఉస్తానీ అంటారు, అంటే పంతులమ్మ. ఆమె తన బీపీ మాత్రలు చూపించుకుందామని వచ్చి, గొడవ చూసి, మా కుర్చీల్లో ఒకటి లాక్కుని వరండా మెట్టు పక్కన కూర్చుంది. "లైను!" అంది ఒకే ఒక్కమాట. వీధిలో ప్రతి ఆడమనిషీ చిన్నప్పుడు ఆమె చేత చెవి మెలిపెట్టించుకున్నదే. లైను గీత గీసినట్టు నిలబడింది.

ఆ లైనులో ఒక అత్తా కోడలూ ఉన్నారు. కోడలు మహా అయితే ఇరవై దాటి ఉంటుంది. రాజుపాళెం పక్క నుంచి ఈ ఇంటికి వచ్చిన పిల్ల. భర్త కువైటులో డ్రైవరు. అత్త గట్టి మనిషి. వాళ్ల వంతు రాగానే తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"మేడం, ఇవి తాకత్ గోళీలు. బలానికి. మావోడు కువైటు నుంచి పంపినాడు, పెండ్లాం నీరసంగుందని. దినామూ పొద్దున్నే ఒకటి నా చేత్తోనే ఇస్తాండా. అయినా పిల్ల బలపడ్లేదు. ఒకటికి రెండిస్తే తొందరగా బలమొస్తాదా, అది సెప్పు సాలు."

నేను డబ్బా తిప్పి చూశాను. దాని మీద ఉన్నదల్లా ఒక చీటీ. బాల్‌పెన్నుతో గబగబా గీకిన అరబ్బీ. ఇంకే భాషా లేదు, కంపెనీ పేరు లేదు. మూత తీస్తే విడి మాత్రలు.

ఇంతలో కోడలు పక్కనున్న స్తంభాన్ని పట్టుకుంది. మొహం తెల్లబడి, నుదుటి మీద చెమటలు. చేతులు వణుకుతున్నాయి. ఎండ ఇంకా ముదరలేదు.

"ఇదే మేడం, ఇట్లే అయితాది," అంది అత్త, కోడల్ని పట్టుకుని కూర్చోబెడుతూ. "నీరసం! అందుకే గదా రెండిస్తానంటాండా."

నర్సమ్మ బల్ల దాటుకుని వచ్చింది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా బిడ్డా?"

అమ్మాయి లేదన్నట్టు తలూపింది. లైనులో చోటు పోతుందని తినకుండానే వచ్చారట. మా కోసం తెచ్చిన టీలో నర్సమ్మ చక్కెర గుప్పెడు పోసి, చెంచాతో తిప్పి తాగించింది. కాసేపటికి వణుకు తగ్గింది. మొహంలోకి రంగు వచ్చింది. నర్సమ్మ నా చెవి దగ్గరికి వచ్చి, "ఒంట్లో షుగరు పడిపోయినట్టుంది మేడం. కానీ ఇంత చిన్నపిల్లకు ఎందుకు పడిపోవాల?" అంది.

"డాక్టరుకు చూపించారా?" అని అత్తనడిగాను.

"సూపించినాం గదా! మందులేమన్నా వాడుతాండారా అనడిగినాడు. లేవంటి. ఒక గ్లూకోసు ఎక్కించి పంపినాడు."

"ఈ మాత్రల సంగతి చెప్పలేదా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "ఇవి తాకత్ గోళీలు మేడం. ఇవి మందులెట్లయితాయి?"

అప్పుడు కోడలు టీ గ్లాసులోకి చూస్తూ చాలా మెల్లగా ఒక మాట అంది. "ఏసుకోని దినం బాగుంటా."

"ఏంది?" అన్నాను.

"మా అమ్మగారింటికి పోయినప్పుడు ఏసుకోలేదు. బాగుంటి. ఈడకొచ్చి ఏసుకుంటే మళ్లా కండ్లు తిరుగుతాండాయి."

"నీకేం తెలుసే!" అంది అత్త. కసురుకున్నట్టు లేదు ఆ గొంతు, భయపడినట్టుంది. కొడుకు ప్రేమగా పంపింది చెడు చేస్తుందని ఏ తల్లి నమ్ముతుంది?

ఫోనుతో చీటీని చదివించవచ్చు కదా అని మీరు అడుగుతారు, నాకు తెలుసు. ఆ పిల్లలూ అదే అడిగారు. చేశాం. ఫోటో తీస్తే నా ఫోను ఆ గీకుడుని చాలాసేపు చూసి 'గింజ' అని ఒక్కమాట చెప్పి ఊరుకుంది. ఏ గింజ? వేరుశనగ గింజా, చింత గింజా? మళ్లీ తీశాం. మళ్లీ గింజే. కువైటులో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాడేమో, ఎత్తలేదు.

"ఉస్తానీని అడుగుదాం," అంది లైనులోంచి ఎవరో. "అరబ్బీ ఆమెకు రానిదేముంది?"

ఉస్తానీ డబ్బాను తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని చూసింది. నుదురు ముడిపడింది. "వీడెవుడో గానీ జబర్ లేదు, జేర్ లేదు, పేష్ లేదు. ఒట్టి ఎముకలు రాసిపెట్టినాడు. ఎట్ల సదివేది?"

తెలుగులో గుణింతాలన్నీ తీసేసి రాస్తే మనకెలా ఉంటుందో ఆమెకు అలా ఉందన్నమాట. ఆమె జీవితమంతా చదివింది గుర్తులన్నీ పెట్టి శుభ్రంగా అచ్చేసిన అక్షరాలు. పైగా, ఆమే చెప్పింది నవ్వుతూ, "సదవడం వచ్చు మేడం. మతలబ్, అంటే అర్థం, రాదు. మాకు రాగం పెట్టి ఓదడమే నేర్పినారు."

సరిగ్గా అప్పుడే మా డ్రైవరు వ్యాను దగ్గర్నుంచి ఏంది సంగతి అని తొంగి చూశాడు.

"నీకు అరబ్బీ వచ్చు కదా!" అన్నాను.

"మాట్లాడ్డం వచ్చు మేడం. సదవడం రాదు. ఆడ బోర్డుల మీద బొమ్మలు సూసి బండి తోల్తాంటి."

మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు నర్సమ్మ, "ఏమప్పా, ఇంగేం గావల్ల?" అని డ్రైవరు భుజం పట్టి లాగి, ఉస్తానీ పక్కన కుర్చీలో కూలేసింది. "ఆమె సదువుతాది. నువ్వు విను."

ఉస్తానీ తల మీద కొంగు సర్దుకుంది. పిల్లలకు పాఠం చెప్పే రాగంలోనే మొదలుపెట్టింది. "హే... బే... తే. హుబత్. హిబత్. హబత్..."

డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. "హబ్బ! హబ్బ అంటే గింజ. మాత్రను గూడా ఆడ హబ్బ అనే అంటారు."

నా ఫోనుకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

"వాహిద," అంది ఉస్తానీ.

"ఒకటి!"

"ఇది నాకూ తెలుసులేప్పా. సాద్, బే, అలిఫ్, హే. సబాహ..."

"పొద్దున! దినామూ షేకుకు సెప్తాంటి గదా, సబాహల్ ఖేర్ అని." డ్రైవరు కుర్చీలోనే సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. లైను లైనంతా విరిగి మా చుట్టూ గుమికూడింది. ఈసారి ఉస్తానీ ఎవరినీ అదిలించలేదు. ఆమెకు అంతమంది పిల్లలు ఒక్కసారే దొరికి చాలా కాలమై ఉంటుంది.

"ఖబల్... అల్ అకల్."

"అకల్?" అత్త ముందుకు వంగింది. ఉర్దూలో అకల్ అంటే తెలివి. "తెలివి రాకముందు ఏసుకోవల్లనా?"

"కాదత్తా. ఆడ అకల్ అంటే తిండి. ఖబ్లల్ అకల్, అంటే తినకముందు." డ్రైవరు నావైపు తిరిగాడు. "మాత్ర ఒకటి, పొద్దున, తినకముందు. అంతవరకు సరిపాయ మేడం."

చివరి మాట మిగిలింది. దాని దగ్గర ఉస్తానీ ఆగిపోయింది. సిరా కాస్త అలికి ఉంది. "లామ్... లామ్... సీన్, కాఫ్, రే..." పెదాలు కదిపింది. "సకర్. సుకర్." ఆమె మొహం మారింది. "సుకర్ అంటే మత్తు అని మా అబ్బా సెప్పేటోడు."

"మత్తుమందా!" అత్త రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "అరే అల్లా! మావోడు మత్తుమందు పంపినాడా!" గుంపంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో పోలీసులన్నారు. ఎవరో అందుకే కళ్లు తిరుగుతున్నాయన్నారు. కోడలు భర్త మీద మాట పడేసరికి కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఆయప్ప అట్లాటోడు కాదు!" ఆ రోజు ఆమె గొంతు అందరికీ వినబడింది అప్పుడే.

డ్రైవరు మాత్రం కళ్లు తెరవలేదు. "ఇంగోసారి సెప్పవ్వా."

"సుకర్... సుక్కర్... ఆఖర్లో యే ఉంది. సుక్కరి."

డ్రైవరు దిగ్గున లేచాడు. "మేడం! సుక్కరీ! మా షేకు వాళ్లమ్మను నేనే ఆసుపత్రికి తీసకపోతాంటి. తీపి తిని వచ్చినప్పుడల్లా డాక్టరు సుక్కరీ, సుక్కరీ అని అరస్తాండె. షుగరు జబ్బు మేడం! ఇవి షుగరు మాత్రలు!"

అత్త ఉస్తానీ చేతిలోంచి డబ్బాను లాక్కుంది.

షుగరు జబ్బు లేని పిల్ల, ఏమీ తినకముందు, దినమూ షుగరు తగ్గించే మాత్ర వేసుకుంటోంది. రేపటి నుంచి రెండు వేద్దామని అత్త అడగడానికి వచ్చింది.  నర్సమ్మ కోడలి నాడి పట్టుకుంది. "టీతో ఇప్పటికి లేచింది గానీ, మందు ఇంకా ఒంట్లో ఉంటాది. మళ్లా పడిపోతాది. ఆసుపత్రిలో పెట్టి సూడాల, ఇప్పుడే" అంది.

అత్త డబ్బాను గుండెకు హత్తుకుని కూర్చుంది. కొడుకు పంపింది. దాన్ని ఇవ్వడానికీ మనసొప్పడం లేదు, ఉంచుకోవడానికీ భయం. డైరెక్టరు గారి గీత నాకు గుర్తుంది. మానమని చెప్పకూడదు. కానీ నేను లైబ్రేరియన్ని. మాకు తెలిసిన విద్య ఒకటుంది.

"అత్తమ్మా, ఆ డబ్బా నాకు అరువు ఇస్తారా?" అన్నాను. "డాక్టరుకు చూపించి వాళ్లు చెప్పినట్టు చేద్దాం. మా గ్రంథాలయంలో తీసుకున్న వస్తువు ఎక్కడికీ పోదు."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టింది. మానమని నేను ఎవరికీ చెప్పలేదని ఇప్పటికీ ప్రమాణం చేయగలను.

ఆ రోజు మా వ్యాను పరుగు చూసి డ్రైవరు దాన్ని మొదటిసారి మెచ్చుకున్నాడు. అత్త దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. "నా చేత్తోనే ఏసినా మేడం. నీళ్లు గూడా నేనే ఇచ్చినా." కోడలు నర్సమ్మ ఒళ్లో తలపెట్టుకుని పడుకుని, అక్కడి నుంచే చెయ్యి చాచి అత్త మోకాలు మీద వేసింది.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. వేలు గుచ్చి చూసి, వెంటనే గ్లూకోసు పెట్టించింది. నర్సమ్మ చెప్పినట్టే దారిలోనే షుగరు మళ్లీ పడిపోయింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే తెలివి తప్పి ఉండేదట. మర్నాటి వరకూ ఉంచి చూశారు. రక్తం పరీక్ష చేస్తే అసలు నీరసం ఎందుకో కూడా తేలింది. పిల్లకు రక్తం తక్కువ, అంతే. దానికి మన ఊళ్లోనే మందుంది.

సాయంత్రం భర్త ఫోన్ చేశాడు.  అత్త ఫోను నాకిచ్చింది. విషయం చెప్పాను. 

"మేడం," అన్నాడు. "నేను పనిచేసే ఇంట్లో పెద్దామె దినామూ అది ఏసుకొనే లేస్తాది. ఇది లేకుంటే నేను లేయలేను అంటాది. నా పెండ్లాం గూడా అట్ల లేయాలని అడిగి తీసుకొంటి. అంతే మేడం."

అతన్ని ఏమనగలను? ఆ పెద్దామె అబద్ధం చెప్పలేదు. అతను అబద్ధం వినలేదు. ప్రేమగా అడిగాడు, ఆమె ప్రేమగానే ఇచ్చింది. సముద్రం దాటి వచ్చినదాంట్లో చెడ్డ బుద్ధి రవ్వంత లేదు. అందుకే దాన్ని పట్టుకోవడం అంత కష్టమైంది.

డైరెక్టరు గారికి సంగతంతా చెబితే కళ్లు తుడుచుకున్నారు. వెంటనే 'బహుభాషా సమన్వయ పఠన పద్ధతి' అని ఒక కరపత్రం మొదలుపెట్టారు. నర్సమ్మ ఆయన చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకుంది. ఆయన ఏమీ అనుకోలేదు, నిజానికి కాస్త తేలికపడ్డట్టే కనిపించారు.

మేం మార్చుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. 'మందులేమైనా వాడుతున్నారా?' అని అడగడం మానేశాం. బలానికి వేసుకునేవి, నిద్రకు వేసుకునేవి, పక్కింటామె ఇచ్చినవి, ఇవేవీ జనం లెక్కలో మందులు కావు. 'పొద్దున లేసినకాడ్నుంచి నోట్లో ఏమేం ఏసుకుంటారు?' అని అడగడం మొదలుపెట్టాం. జవాబులు వక్కాకు దగ్గర మొదలై, కాఫీ మీదుగా, మొగుడి మీద కోపంతో నమిలిన బియ్యం దాకా పోయేవి. కానీ ఎక్కడో మధ్యలో అసలుది దొరికేది. పిల్లలూ, ఓపిగ్గా వినండి. బియ్యం దగ్గర విసుగుపడి లేచిపోవద్దు.

మా డ్రైవరు ఆ తర్వాత కొంతకాలం శుక్రవారం మధ్యాహ్నాలు వ్యాను తాళాలు నాకిచ్చి మాయమయ్యేవాడు. ఎక్కడికని వాకబు చేస్తే ఉస్తానీ ఇంటికి. అక్షరాలు నేర్చుకుంటున్నాడు. బదులుగా ఆమె అతన్ని అడుగుతుందట, ఆ దేశంలో నీళ్లను ఏమంటారు, తలుపును ఏమంటారు, ఆకలైతే ఏమని అడుగుతారు అని. ఒక్కో మాటకు చిన్నపిల్లలా నవ్వుతుందట. "అంత వయసులో ఆమెకు తలుపుతో ఏం పని మేడం?" అన్నాడు డ్రైవరు. అని, మరుసటి శుక్రవారం మళ్లీ వెళ్లాడు. మీసాలు నెరిసిన ఆ శిష్యుడికి కూడా ఆమె చెవి మెలిపెట్టిందని నర్సమ్మ కనిపెట్టి, వారం పాటు అతన్ని బతకనివ్వలేదు.

కొన్ని వారాలయ్యాక అత్త గ్రంథాలయం మెట్లెక్కి వచ్చింది. చీరలకని వచ్చి పొరపాటున కాదు. కోడల్ని మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలట, నేను తోడు రావాలట. వెళ్లాను. అమ్మాయి బుగ్గలకు రంగు వచ్చింది. చేతిలో ఇనుము మాత్రల పెట్టె.

లోపల అదే డాక్టరమ్మ. అలవాటు ప్రకారం ఆమె అత్తవైపు తిరిగి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అంది.

అత్త నోరు తెరిచింది.  తర్వాత నోరు మూసుకుని, మోచేత్తో కోడల్ని పొడిచింది. "నన్నెందుకు అడుగుతారు? ఒళ్లు దానిది. సెప్పవే."

అమ్మాయి ముందు గోడవైపు చూసింది. తర్వాత నావైపు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"కండ్లు తిరగడం లేదు మేడం," అని మొదలుపెట్టింది. "కానీ ఈ మాత్రలేసుకుంటే కడుపులో తిప్పుతాంది. తిన్నాక ఏసుకోవచ్చా? దీని పేరేంది? పెద్దక్షరాలతో తెలుగులో రాసియ్యండి, నేను సదువుతా. ఎన్ని దినాలు? రక్తం మళ్లా ఎప్పుడు సూస్తారు? సూసింది నాకు సెప్తారా, మా అత్తకు సెప్తారా? నాకే సెప్పండి. ఇంగొకటి మేడం, మా అత్తకు మోకాళ్ల నొప్పులు. పక్కింటామె మాత్రలు తెచ్చి దాచుకొని ఏసుకుంటాది. అడిగితే లేదంటాది. అడిగి సూడండి, ఇప్పుడు గూడా లేదనే అంటాది."

అత్త బురఖా ముసుగు మొహం మీదికి లాక్కుంది. తలుపు దగ్గర చీటీలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, అమ్మాయి కళ్లలోకి చూసింది.

"ఊఁ," అంది. "తర్వాత?"